మెర్జ్ చేస్తే పోయేదేంటి? స్ప్రెడ్‌షీట్‌లో ఒక చిన్న బటన్ చరిత్ర

ఈరోజు టాపిక్ ఎక్సెల్‌లో సెల్స్ మెర్జ్ చేయడం. "అన్నా, దీనికి కూడా హిస్టరీ ఉంటుందా?" అని నవ్వుతున్నారు కదా. ఉంది. ఒక దేశంలో గవర్నమెంట్ "దయచేసి సెల్స్ కలపకండి" అని రూల్ పెట్టేదాకా వెళ్ళింది ఈ కథ.

ముందు ఒక చిన్న ప్రయోగం. మీ ఫోన్‌లో గూగుల్ షీట్స్ గానీ ఎక్సెల్ గానీ ఓపెన్ చేయండి. ఒక సెల్‌లో "రవి" అని, దాని పక్క సెల్‌లో "సీత" అని రాయండి. రెండూ సెలెక్ట్ చేసి మెర్జ్ కొట్టండి. ఒక వార్నింగ్ వస్తుంది, మనం అలవాటుగా ఓకే అనేస్తాం. ఇప్పుడు పెద్ద గడి ఒకటే ఉంది, అందులో రవి ఒక్కడే ఉన్నాడు. సరే, అన్‌మెర్జ్ చేయండి. రెండు గడులు మళ్ళీ వచ్చాయి. సీత మాత్రం రాలేదు.

వెంటనే అన్‌డూ కొడితే వస్తుంది, నిజమే. కానీ ఫైల్ సేవ్ చేసి, ఇంకొకరికి మెయిల్ చేసి, వారం తర్వాత ఓపెన్ చేస్తే? సీత అనే మనిషి ఆ లిస్టులో ఎప్పుడూ లేనట్టే. మెర్జ్‌కి అన్‌మెర్జ్ రివర్స్ కాదు. గడులు తిరిగొస్తాయి, గడిలో ఉన్నది తిరిగిరాదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

పేరులోనే మెర్జ్ ఉంది

అసలు స్ప్రెడ్‌షీట్ అనే మాట కంప్యూటర్ల కంటే ముందే ఉంది. పత్రికల వాళ్ళ భాషలో స్ప్రెడ్ అంటే ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల మీద పరుచుకున్న ఒకే ఐటమ్. మధ్యలో మడత ఉన్నా సరే, రెండు పేజీలనీ ఒకే పెద్ద పేజీలా వాడుకోవడం అన్నమాట. లెక్కల పుస్తకాల్లో కూడా కాలమ్స్ ఎక్కువైతే రెండు పేజీల మీదా లెక్క పరిచేవాళ్ళు. మన షావుకార్ల చిట్టా, ఆవర్జా పుస్తకాలు చూసినవాళ్ళకి ఈ గీతల సంగతి తెలుసు.

కాగితం మీద గడులు కలపడం అసలు సమస్యే కాదు. పైన "ఖర్చులు" అని పెద్దగా రాసి, కింద నాలుగు కాలమ్స్‌నీ చూపిస్తూ ఒక బ్రాకెట్ గీస్తే చాలు. చదివేవాడు మనిషి. ఆ హెడ్డింగ్ నాలుగు కాలమ్స్‌కీ వర్తిస్తుందని కంటితో చూసి అర్థం చేసుకుంటాడు. మెషీన్‌కి ఆ కన్ను లేదు. గొడవంతా మొదలయ్యేది ఇక్కడే.

1979: గోడ దాటని అక్షరాలు

1978లో డాన్ బ్రిక్లిన్ అనే కుర్రాడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఎంబీఏ చదువుతున్నాడు. అప్పట్లో లెక్కల టేబుల్ బోర్డు మీద వేస్తే పెద్ద తలనొప్పి. ఒక నంబర్ మారిందంటే దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. వాటంతట అవే మారే బోర్డు ఉంటే ఎలా ఉంటుంది అని అతనికి ఐడియా వచ్చింది. ఎంఐటీ రోజుల నుంచి ఫ్రెండ్ అయిన బాబ్ ఫ్రాంక్‌స్టన్ కోడ్ రాశాడు. 1979లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చిన ఆ ప్రోగ్రామే విజికాల్క్. 63 కాలమ్స్, 254 రోస్. ఇప్పటికీ మనం వాడే ఏ1, బీ2 అనే గడుల అడ్రస్‌లు అందులో ఉన్నవే.

కానీ ఒక ఇబ్బంది. షీట్ మొత్తానికీ కాలమ్ వెడల్పు ఒకటే. మామూలుగా 9 అక్షరాలు. పెంచాలంటే అన్ని కాలమ్స్‌కీ కలిపి పెంచాలి. స్క్రీన్ మీద లైనుకి 40 అక్షరాలే పడతాయి కాబట్టి పెంచితే చోటు చాలదు. గడిలో రాసిన మాట దాని గోడ దాటి బయటికి రాదు, కనపడే చోటే తెగిపోతుంది. మరి పెద్ద హెడ్డింగ్ కావాలంటే? మనమే దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో గడిలో టైప్ చేసుకోవాలి. అంటే స్ప్రెడ్‌షీట్ చరిత్రలో మొదట వచ్చింది మెర్జ్ కాదు, చేత్తో చేసుకున్న స్ప్లిట్.

తర్వాత 1983 జనవరిలో మిచ్ కేపోర్, జొనాథన్ సాక్స్ తయారుచేసిన లోటస్ 1-2-3 వచ్చింది. ఐబీఎం పీసీ అంతలా అమ్ముడవ్వడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి అంటారు. లోటస్‌లో గడి గోడలు కొంచెం మెత్తబడ్డాయి. ఏ1లో పొడవైన హెడ్డింగ్ రాస్తే, పక్కనున్న బీ1, సీ1 ఖాళీగా ఉన్నంతవరకు అక్షరాలు వాటి మీదికి పరుచుకుంటాయి. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేనప్పుడు మన మంచం వాళ్ళ అరుగు మీద వేసుకున్నట్టు. వాళ్ళు రాగానే, అంటే బీ1లో ఏదైనా టైప్ చేయగానే, మనం సర్దుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. హెడ్డింగ్ మూడు గడుల మీద కనిపించినా, అది నిజంగా ఉన్నది ఏ1లోనే. బీ1 కంప్యూటర్‌కి ఇంకా ఖాళీ గడే. కనపడటం వేరు, ఉండటం వేరు. ఆ గీత అప్పటికి చెరిగిపోలేదు.

అదే సమయంలో డేటాబేస్ ప్రపంచం

వీటన్నిటికంటే ముందే, 1970లో, ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఒక పేపర్ రాశాడు. బీటెక్‌లో డీబీఎంఎస్ చదివినవాళ్ళకి ఈ పేరు పరీక్ష ముందురోజు రాత్రి బాగా పరిచయం. రిలేషనల్ మోడల్ ఆయనదే. ఫస్ట్ నార్మల్ ఫామ్ అని మనం బట్టీ పట్టింది ఏంటి? ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. ఇంకా చిన్న ముక్కలు చేయాల్సిన అవసరం లేనంత సింపుల్‌గా ఉండాలి. డేటాబేస్‌లో మెర్జ్ అండ్ సెంటర్ బటన్ ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందా? అక్కడ గడి అంటే బొమ్మ గీసుకునే చోటు కాదు, ఒక వాస్తవాన్ని పెట్టుకునే అర.

స్ప్రెడ్‌షీట్ మాత్రం రెండు పడవల మీద కాలు పెట్టింది. సగం లెక్కల మెషీన్, సగం ప్రింట్ తీసే కాగితం.

ఎక్సెల్ 97: గోడ కూలిన రోజు

ఎక్సెల్ 1985లో ముందు ఆపిల్ మ్యాక్ మీద వచ్చింది, 1987లో విండోస్ మీదికి వచ్చింది. 90ల మొదట్లో అందులో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. హెడ్డింగ్‌ని కొన్ని గడుల మీద మధ్యలోకి వచ్చేలా చూపించడం. ఇప్పుడు దాన్నే సెంటర్ అక్రాస్ సెలక్షన్ అంటున్నాం. చూడటానికి మెర్జ్ చేసినట్టే ఉంటుంది, లోపల గడులు మాత్రం విడివిడిగానే ఉంటాయి. లోటస్ పద్ధతికే ఇంకాస్త అందమైన రూపం.

ఎక్సెల్ 97తో అసలైన మెర్జ్ వచ్చింది. నాలుగు గడులు నిజంగానే ఒక గడి అయిపోతాయి. ఎడమవైపు పైగడిలో ఉన్నది ఉంటుంది, మిగతావి పోతాయి. ఇన్‌వాయిస్‌లు, దరఖాస్తు ఫారాలు, టైమ్ టేబుళ్ళు చేసేవాళ్ళకి పండగే పండగ. వర్డ్‌లో కుస్తీ పట్టాల్సిన ఫారం ఎక్సెల్‌లో పది నిమిషాల్లో అయిపోయేది. పైగా ఆ బటన్ కళ్ళ ముందే, టూల్‌బార్ మీదే ఉంది. నష్టం చేయని పాత పద్ధతి మాత్రం ఫార్మాట్ సెల్స్ లోపల అలైన్‌మెంట్ అనే ట్యాబ్‌లో దాక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. మన చేయి దేనిమీద పడుతుంది? కనపడే బటన్ మీదే కదా.

నష్టం ఎలా ఉంటుందో చూద్దాం. గుంటూరు జిల్లాలో ఐదు మండలాల లిస్ట్ అనుకోండి. రెండో కాలమ్‌లో తాడేపల్లి, మంగళగిరి, దుగ్గిరాల, తెనాలి, పొన్నూరు. మొదటి కాలమ్‌లో ఐదు గడులు నిలువుగా కలిపేసి, మధ్యలో అందంగా "గుంటూరు" అని రాశారు. చూడముచ్చటగా ఉంది. ఇప్పుడు ఫిల్టర్ పెట్టి "గుంటూరు" సెలెక్ట్ చేయండి. ఎన్ని మండలాలు వస్తాయి? ఒక్కటి. తాడేపల్లి. ఎందుకంటే ఎక్సెల్ లెక్క ప్రకారం "గుంటూరు" అనేది మొదటి రోలోనే ఉంది. మిగతా నాలుగు రోస్‌లో జిల్లా ఖాళీ.

సార్ట్ చేయబోతే కనీసం "మెర్జ్ చేసిన సెల్స్ అన్నీ ఒకే సైజులో ఉండాలి" అని ఎర్రర్ వస్తుంది, అది నయం. ఫిల్టర్ ఏ ఎర్రరూ ఇవ్వదు. నిశ్శబ్దంగా నాలుగు మండలాలు మాయం చేస్తుంది. అది మీ కాలేజీ ఫెస్ట్ లిస్ట్ అయితే ఫర్వాలేదు. వరద సాయం అందాల్సిన ఊళ్ళ లిస్ట్ అయితే?

జపాన్: దేవుడు, కాగితం, ఎక్సెల్

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ గవర్నమెంట్ దగ్గరికి వెళ్దాం. కాగితంలా కనపడాలనే కోరిక ముదిరితే ఎక్కడిదాకా వెళ్తుందో జపాన్ చూపించింది. అక్కడి ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది. ఎక్సెల్ షీట్‌లో కాలమ్స్ అన్నిటినీ సన్నగా చేసేస్తారు. షీట్ మొత్తం గ్రాఫ్ పేపర్ అయిపోతుంది. ఆ చిన్న చిన్న చదరాల్ని కావాల్సినట్టు మెర్జ్ చేసుకుంటూ ఫారం డిజైన్ చేస్తారు. దీన్ని ఎక్సెల్ గ్రాఫ్ పేపర్ అనే అంటారు. ఇంకొన్ని ఫారాల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. అంటే మీ పేరు ఒక డేటా కాదు, ఏడెనిమిది గడుల్లో చెల్లాచెదురైన అక్షరాలు. ప్రింట్ తీస్తే అద్భుతంగా ఉంటుంది. అలాంటి వెయ్యి ఫారాల నుంచి పేర్లు ఒకచోటికి తీయాలంటే చుక్కలు కనపడతాయి.

మియె యూనివర్సిటీ ప్రొఫెసర్ హరుహికో ఒకుమురా 2013లో దీని మీద ఒక పేపర్ రాశారు. ఈ సమస్యకి జనం పెట్టుకున్న పేరు కామి ఎక్సెల్. జపనీస్‌లో కామి అంటే కాగితం, కామి అంటే దేవుడు కూడా. కాగితం కోసం చేసిన ఎక్సెల్ అని ఒక అర్థం, "దేవుడా, ఏం ఎక్సెల్ రా ఇది" అని వెటకారం ఇంకో అర్థం. అసలు చమత్కారం ఆ పేరు రాసే విధానంలో ఉంది. దేవుడు అనే అర్థమున్న జపనీస్ అక్షరాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, రెండు వేర్వేరు అక్షరాల్లా రాస్తారు. ఒక్క అక్షరాన్ని రెండు గడుల్లోకి స్ప్లిట్ చేసినట్టు.

2020 డిసెంబర్‌లో జపాన్ అంతర్గత వ్యవహారాలు, కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ, ప్రభుత్వ గణాంకాల పట్టికలు మెషీన్ చదవగలిగేలా ఎలా ఉండాలో ఒకే రకమైన రూల్స్ విడుదల చేసింది. ఒక గడిలో ఒకే డేటా. సెల్స్ మెర్జ్ చేయకూడదు. అందం కోసం స్పేస్‌లు కొట్టి మాటల్ని జరపకూడదు. కాడ్ 1970లో చెప్పిందే, 50 ఏళ్ళ తర్వాత ఒక గవర్నమెంట్ తన ఆఫీసులకి మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది.

కలపడం, విడదీయడం మనకి కొత్తా?

జపాన్ దాకా ఎందుకు, ఇదే పరీక్ష మన రెండు రాష్ట్రాల డేటాకి నిజంగా ఎదురైంది. రాజకీయం జోలికి వెళ్ళట్లేదు, లెక్కలు మాత్రమే చూద్దాం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆఖరి జనాభా లెక్కలు మాత్రం 2011వి, అంటే ఉమ్మడి రాష్ట్రానివి. మొత్తం దాదాపు 8.46 కోట్లు.

మీ దగ్గర ఆ ఒక్క నంబరే ఉందనుకోండి, ఒక మెర్జ్ చేసిన గడిలా. దాన్ని రెండు రాష్ట్రాలుగా స్ప్లిట్ చేయగలరా? ఎంత పెద్ద ఎక్సెల్ మాస్టారైనా చేయలేడు. సగం సగం అని ఊహించాల్సిందే. కానీ జిల్లాలవారీ నంబర్లు ఉంటే? 23 జిల్లాలు, 13 ఇటు, 10 అటు. కూడితే అయిపోయింది.

అయిపోలేదు. పోలవరం ప్రాజెక్టు వల్ల 2014లోనే ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు జిల్లా నంబర్ కూడా చాలదు, మండలాల నంబర్లు కావాలి. అదైనా చాలుతుందా అంటే, భద్రాచలం మండలం వెళ్ళింది గానీ రాములవారి గుడి ఉన్న భద్రాచలం తెలంగాణలోనే ఉండిపోయింది. బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్ళే వెళ్ళాయి. అంటే ఊరిస్థాయి నంబర్ ఉంటేనే లెక్క తేలుతుంది.

జనాభా లెక్కల్లో ఊరూరికీ విడిగా నంబర్ ఉంది. అందుకే ఆ లెక్క తేలింది. అంతటితో ఆగలేదు. 2016లో తెలంగాణ 31 జిల్లాలైంది, 2019లో 33. ఆంధ్రప్రదేశ్ 2022లో 13 నుంచి 26 అయింది. ప్రతిసారీ పాత జిల్లా టోటల్స్ మాత్రమే దాచుకున్నవాళ్ళు ఇరుక్కుపోయారు. ఊళ్ళ నంబర్లు దాచుకున్నవాళ్ళు కొత్త జిల్లాల ప్రకారం మళ్ళీ కూడుకున్నారు. గీతలు మారుతూనే ఉంటాయి. చిన్న గడి చెక్కుచెదరకుండా ఉంటే ఎన్నిసార్లైనా కలపొచ్చు, ఎన్నిసార్లైనా విడదీయొచ్చు.

స్ప్లిట్ కథ: మన పేరుకి వచ్చిన తిప్పలు

ఇక రెండో వైపు. ఒకే గడిలో కుక్కేసిన డేటాని విడదీయడం. దీనికి ఎక్సెల్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ ఉంది. స్పేస్ దగ్గర కట్ చేయమంటే చేస్తుంది, కామా దగ్గర అంటే కామా దగ్గర. ఒక జాగ్రత్త: కుడివైపు కాలమ్స్ ఖాళీగా ఉంచుకోండి, లేకపోతే అక్కడున్న డేటా మీద రాసేస్తుంది.

2013 ఎక్సెల్‌లో ఇంకో అడుగు పడింది, ఫ్లాష్ ఫిల్. దీని వెనకున్నది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసే సుమిత్ గుల్వానీ, ఐఐటీ కాన్పూర్ పూర్వ విద్యార్థి. ఆయన చాలాసార్లు చెప్పిన కథే ఇది. విమానంలో పక్క సీటావిడ ఈయన కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్ అని తెలిసి, తన షీట్‌లో పేర్ల కాలమ్‌ని వేరే ఫార్మాట్‌లోకి మార్చడం ఎలా అని అడిగింది. ఈయనకి తెలియలేదు. దిగాక వెతికితే, అలాంటి ప్రశ్నలే లక్షణంగా బోలెడంతమంది అడుగుతున్నారు. ఫార్ములా రాయక్కర్లేకుండా, ఒకట్రెండు ఉదాహరణలు చూపిస్తే కంప్యూటరే ప్రోగ్రామ్ ఊహించుకునే పద్ధతి మీద 2011లో పేపర్ వేశారు. అదే ఫ్లాష్ ఫిల్ అయింది. కంప్యూటర్‌లో కంట్రోల్ ఈ కొట్టి చూడండి.

కానీ ఎంత తెలివైన టూల్ అయినా ఒకచోట తడబడుతుంది. తెలుగు పేరు దగ్గర. పాములపర్తి వెంకట నరసింహారావు. స్పేస్ దగ్గర కట్ చేసి మొదటి ముక్కని ఫస్ట్ నేమ్ కాలమ్‌లో, ఆఖరి ముక్కని లాస్ట్ నేమ్ కాలమ్‌లో వేస్తే ఏమవుతుంది? ఇంటిపేరు వెళ్ళి ఫస్ట్ నేమ్‌లో కూర్చుంటుంది. అసలు పేరు సర్‌నేమ్ అయిపోతుంది. ఇంగ్లీష్ పేపర్లలో ఆయన మిస్టర్ రావు అయ్యారు. మనకేమో రావు ఇంటిపేరు కాదు.

అమెరికా వెళ్ళినవాళ్ళని అడగండి. పాస్‌పోర్ట్‌లో పేరు మొత్తం ఒకే గడిలో ఉండి, రెండోది ఖాళీగా ఉంటే, వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అమ్మానాన్న ముద్దుగా పెట్టిన పేరు ఉండగానే, "పేరు తెలియదు" అని కాగితం మీద. గడులు గీసినవాళ్ళు మన పేర్లు ఎలా ఉంటాయో ఆలోచించలేదు, అంతే. విడదీయడం అంటే కత్తిరించడం ఒక్కటే కాదు, ఏ ముక్క ఏంటో తెలియాలి. అది తెలిసేది డేటా నింపే మొదటి మనిషికే.

మరి మనం ఏం చేయాలి?

మెర్జ్ బటన్ మీద నాకేం పగ లేదు. పెళ్ళి కార్డులా ప్రింట్ తీసి గోడకి అంటించే టైమ్ టేబుల్ అయితే హ్యాపీగా మెర్జ్ చేసుకోండి. కానీ ఆ షీట్‌ని రేపు ఎవరైనా సార్ట్ చేస్తారు, ఫిల్టర్ చేస్తారు, కూడతారు అంటే మూడు పనులు చేయండి.

ఒకటి, ప్రతి రోలో ప్రతి విషయం పూర్తిగా రాయండి. "గుంటూరు" ఐదుసార్లు వస్తే ఐదుసార్లూ ఉండనివ్వండి. చూడటానికి బోర్‌గా ఉంటుంది, లెక్కకి నిలబడుతుంది. రెండు, కంప్యూటర్‌లో హెడ్డింగ్ మధ్యలోకి రావాలంటే ఫార్మాట్ సెల్స్, అలైన్‌మెంట్‌లో సెంటర్ అక్రాస్ సెలక్షన్ వాడండి. మూడు, డేటా ఒక షీట్, అందం ఇంకో షీట్. మెర్జ్‌లు, రంగులు అన్నీ రెండోదాంట్లో. మొదటిదాని జోలికి ఎవరినీ రానివ్వకండి.

ఈ వారం కాలేజీలోనో ఆఫీసులోనో మీ చేతికి ఒక లిస్ట్ వస్తే, పంపేముందు ఒకసారి ఫిల్టర్ పెట్టి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టండి. ఎక్కడో ఒక సీత మిస్ అయి ఉండొచ్చు. వార్నింగ్ వచ్చినప్పుడు ఓకే కొట్టేముందు ఒక్క సెకను ఆగితే, ఆవిడ లిస్టులోనే ఉంటుంది.

ఇంతే ఈరోజుకి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇంకో చిన్న బటన్, ఇంకో పెద్ద కథతో కలుద్దాం. ఉంటాను.